ఉపయుక్త గ్రంథసూచి: ఏ పద్ధతి, ఏ పనిముట్టు, ఎవరికి?

కడప ఏడురోడ్ల దగ్గర డీటీపీ చేసే కుర్రవాడు ఒక సాయంత్రం ఫోను చేశాడు. "సార్, రెడ్లందరూ ఒకచోటికి వచ్చేశారు. ఇలాగే ఉంచమంటారా?"

అది ఒక పరిశోధక విద్యార్థిని సిద్ధాంత గ్రంథం. ఆమె ఇంగ్లీషు నమూనా ఒకటి ముందు పెట్టుకుని "చివరి పేరు ముందు, తర్వాత కామా, ఆపైన మిగిలిన పేరు" అన్న నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. దాంతో కేతు విశ్వనాథరెడ్డి కాస్తా "రెడ్డి, కేతు విశ్వనాథ" అయ్యారు. పుట్టపర్తి నారాయణాచార్యులు "నారాయణాచార్యులు, పుట్టపర్తి" అయి ప నుంచి న దగ్గరికి వెళ్లిపోయారు. రాయలసీమ సాహిత్యం మీద గ్రంథసూచి తయారుచేస్తూ రెడ్లందరినీ ఒకే అక్షరం కింద కూర్చోబెడితే పట్టికలో ర ఒక్కటే రెండు పుటలు తింటుంది. ఆమె చేసింది తప్పు అనలేం. నియమం చెప్పినట్టే చేసింది. ఆ నియమం మన పేర్లను చూసి రాసింది కాదు, అంతే.

అప్పటి నుంచి ఎవరైనా "ఏపీఏ మంచిదా, ఎంఎల్ఏ మంచిదా? జొటేరోనా, మెండలీనా?" (మొదటి రెండూ ఆధారాలు రాసే పద్ధతులు, తర్వాతి రెండూ ఆ ఆధారాలను కంప్యూటర్‌లో అమర్చిపెట్టే పనిముట్లు) అని అడిగితే ముందు వాళ్ల దగ్గర ఉన్న పుస్తకాల కట్ట చూపించమంటున్నాను. అందులో తెలుగు అచ్చు పుస్తకాలు ఎన్ని, పాత పత్రికలు ఎన్ని, శాసనాలూ కైఫీయతులూ (ఊళ్ల పాత చరిత్రలు) ఉన్నాయా, ఇంగ్లీషు వ్యాసాలు ఎన్ని, ఊళ్లు తిరిగి మనుషుల నోట విన్నది ఎంత? ఎంపిక అక్కడ తేలుతుంది. పద్ధతుల గొప్పదనం మీద తేలదు.

ఒక మాట ముందే. మీ విశ్వవిద్యాలయమో, మీ శాఖో, మీరు వ్యాసం పంపుతున్న పత్రికో ఫలానా పద్ధతి అని కాగితం మీద రాసి ఇస్తే ఇక పోలికలు అనవసరం, అదే పాటించండి. కడపలో యోగి వేమన, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం: ఎక్కడ చేరినా మొదటి నెలలోనే పర్యవేక్షకులను ఈ ఒక్క ప్రశ్న అడిగి జవాబు రాసి పెట్టుకోవడం మంచిది. "ఏదైనా ఫరవాలేదు, అంతటా ఒకేలా ఉంటే చాలు" అన్నారంటే మీకు స్వేచ్ఛ దొరికినట్టే. కింద రాసింది అలాంటివారి కోసం.

పట్టికకు ఏ పేరు పెడుతున్నారు?

మన సిద్ధాంత గ్రంథాల చివర మూడు రకాల శీర్షికలు కనిపిస్తాయి: ఆధార గ్రంథాలు, ఉపయుక్త గ్రంథసూచి, సూచికలు. చాలామంది వీటిని ఒకటే అనుకుంటారు. ఏపీఏ, ఎంఎల్ఏ పద్ధతుల్లో చివరి పట్టికలో ఉండాల్సింది మీరు లోపల ప్రస్తావించిన రచనలు మాత్రమే. చదివారు, లాభం పొందారు, కానీ ఎక్కడా ఉదహరించలేదు అంటే వాటికి అక్కడ చోటు లేదు. షికాగో పద్ధతిలో మాత్రం చదివి ఉపయోగపడినవి కూడా చేర్చవచ్చు. అంటే మనం తరతరాలుగా "ఉపయుక్త గ్రంథసూచి" అంటున్న దానికి దగ్గరగా ఉన్నది షికాగోయే. ఒక కవి మీద పరిశోధన అయితే ఆ కవి రచనలు ఆధార గ్రంథాలుగా ఒకచోట, ఆయన మీద ఇతరులు రాసినవి ఉపయుక్త గ్రంథాలుగా మరోచోట పెట్టడం మన దగ్గర పాత అలవాటు. మంచి అలవాటు కూడా. పరీక్షకులు ముందు చూసేది అదే.

పట్టిక పొడవు చూసి భయపడేవాళ్లకు ఒక ఊరట. గ్రంథచౌర్యం మీద యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం పోలిక శాతం లెక్కించేటప్పుడు గ్రంథసూచినీ, సూచికలనూ మినహాయిస్తారు. 10 శాతం లోపు పోలికకు శిక్ష లేదన్నది అందరికీ తెలుసు. ఈ మినహాయింపు సంగతి తెలియక కొందరు పట్టికనే కత్తిరిస్తున్నారు. అవసరం లేదు.

మూడు పద్ధతులు, ఒకే పుస్తకం

1915లో మద్రాసులో అచ్చయిన కడప జిల్లా గెజిటీర్ తీసుకుందాం. రాసింది సి. ఎఫ్. బ్రాకెన్‌బరీ. పుస్తకం పేరు అప్పటి ఇంగ్లీషు ఉచ్చారణలో కడ్డపా.

ఏపీఏలో ఇలా వస్తుంది: బ్రాకెన్‌బరీ, సి. ఎఫ్. (1915). కడ్డపా. గవర్నమెంట్ ప్రెస్. సంవత్సరం పేరు పక్కనే కూర్చుంటుంది, ఎందుకంటే ఆ పద్ధతి పుట్టింది మనస్తత్వశాస్త్రం కోసం. అక్కడ పరిశోధన ఎంత కొత్తది అన్నదే మొదటి ప్రశ్న. ఎంఎల్ఏలో: బ్రాకెన్‌బరీ, సి. ఎఫ్. కడ్డపా. గవర్నమెంట్ ప్రెస్, 1915. సంవత్సరం చివరికి పోయింది. సాహిత్యం వాళ్లకు ఎవరు, ఏ పుస్తకం అన్నది ముఖ్యం. (రాయలసీమలో "మా సార్ ఎమ్మెల్యే పద్ధతి పాటించమన్నారు" అంటే తరగతి అంతా నవ్వుతుంది. నవ్వనివ్వండి.) షికాగోలో: బ్రాకెన్‌బరీ, సి. ఎఫ్. కడ్డపా. మద్రాస్: గవర్నమెంట్ ప్రెస్, 1915. ఇక పుట అడుగున వేసే పాదసూచికలో పేరు తిరగబడదు: సి. ఎఫ్. బ్రాకెన్‌బరీ, కడ్డపా, ఆపైన కుండలీకరణాల్లో ఊరు, ముద్రణాలయం, సంవత్సరం, ఆ తర్వాత పుట సంఖ్య.

తేడా ఊరి పేరు దగ్గర ఉంది. ఏపీఏ 2019లో వచ్చిన 7వ ముద్రణ నుంచి ప్రచురణ స్థలాన్ని వదిలేసింది. ఎంఎల్ఏ అంతకుముందే వదిలేసింది. షికాగో కూడా 2024 నాటి 18వ ముద్రణలో 1900 తర్వాతి పుస్తకాలకు ఊరు అక్కర్లేదంది. పెద్ద పెద్ద ప్రచురణ సంస్థలున్న చోట ఇది సబబే. మన దగ్గర సగం పుస్తకాలు రచయిత స్వయంగా అచ్చు వేయించుకున్నవి. ప్రచురణకర్త పేరు చోట రచయిత భార్య పేరో, కొడుకు పేరో ఉంటుంది. ప్రొద్దుటూరులోనో, ఆదోనిలోనో, హిందూపురంలోనో అచ్చయిన 500 కాపీల పుస్తకాన్ని రేపు ఇంకొకరు వెతకాలంటే ఊరి పేరే దారి చూపుతుంది. కాబట్టి పద్ధతి ఏదైనా, తెలుగు పుస్తకాలకు ఊరు రాయండి అంటాను. అందుకు మార్కులు తగ్గించిన పరీక్షకులను నేను ఇంతవరకు చూడలేదు.

చరిత్ర, శాసనాలు, కైఫీయతుల మీద పనిచేసేవారు షికాగో పాదసూచికల పద్ధతి తీసుకోవాలి. ఇందులో నాకు అనుమానం లేదు. ఎర్రగుడిపాడులోనో, కలమళ్లలోనో దొరికిన రేనాటి చోళుల శాసనాన్ని ఉదహరించాలంటే శాసనం దొరికిన ఊరు, రాజు పేరు, అచ్చయిన సంపుటి, శాసన సంఖ్య, పుట అన్నీ చెప్పాలి. దీన్ని వాక్యం మధ్యలో కుండలీకరణాల్లో ఇరికిస్తే పాఠం చదవలేం. కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయతులదీ అదే కథ: గ్రామం పేరు, సంపుటి, సంపాదకులు, ఆపైన మూల ప్రతి చూశారా అచ్చు ప్రతి చూశారా అన్న వివరణ. పాదసూచిక ఇంత బరువునూ మోస్తుంది, మిగతా రెండు పద్ధతులూ మోయలేవు.

జానపద కథలు, పాటలు సేకరించేవారి సంగతి వేరు. ఊరికి పోయి ఒక పెద్దావిడ దగ్గర పాట రికార్డు చేసుకున్నారనుకోండి. ఏపీఏ దాన్ని వ్యక్తిగత సంభాషణ కింద లెక్కగట్టి, లోపల ప్రస్తావిస్తే చాలు, చివరి పట్టికలో వద్దంటుంది. ఎంఎల్ఏ ఇంటర్వ్యూను పట్టికలో చేర్చనిస్తుంది. జానపదం చేసేవారికి నేను ఎంఎల్ఏ చెప్పడానికి ఇదొక్కటే కారణం. పాట ఇచ్చిన మనిషి పేరు పుస్తకాల పక్కన పట్టికలో కనబడాలి. ఆ మనిషి ఒప్పుకుంటేనే, అది వేరే విషయం.

విద్య, వాణిజ్యం, సామాజిక శాస్త్రాలవారికి ఏపీఏ. ఇంజనీరింగ్ వారికి చదరపు కుండలీకరణాల్లో అంకెలు వేసే ఐట్రిపుల్‌ఈ పద్ధతి. వీటి గురించి ఇంతకంటే చెప్పేది లేదు. ఆ శాఖల్లో ఎలాగూ అదే అడుగుతారు, పనిముట్లూ వాటికే బాగా అమరి ఉన్నాయి. ఆధునిక తెలుగు సాహిత్యం మీద, అచ్చు పుస్తకాలే ఆధారంగా చేసేవారికి ఎంఎల్ఏ సరిపోతుంది. పాత పత్రికలు ఎక్కువైతే మాత్రం షికాగోకు మారండి.

పద్ధతులు చెప్పని మూడు చిక్కులు

ఒకటి, పేర్లు. తెలుగు పేరులో ఇంటిపేరు ముందే ఉంటుంది. కనుక తెలుగు పుస్తకాలకు అచ్చులో ఉన్నట్టే, కామా లేకుండా రాయాలి: తిరుమల రామచంద్ర, కేతు విశ్వనాథరెడ్డి. పాశ్చాత్యుల పేర్లకే తిరగేసి కామా పెట్టాలి. చిక్కంతా రెండు భాషల్లోనూ రాసినవారితో. కట్టమంచి రామలింగారెడ్డి తెలుగు పుస్తకం క కింద వస్తుంది. ఇంగ్లీషులో అదే మనిషి సి. ఆర్. రెడ్డి. ఒకే మనిషి పట్టికలో రెండు చోట్ల ఇద్దరిలా నిలబడతారు. రెండో చోట "చూ. కట్టమంచి రామలింగారెడ్డి" అని ఒక్క ముక్క రాస్తే సరి. కలం పేర్లకూ ఇదే మందు: పుస్తకం మీద రారా అని ఉంటే రారా అనే రాసి, పక్కన చదరపు కుండలీకరణాల్లో రాచమల్లు రామచంద్రారెడ్డి అని చేర్చండి.

రెండు, సంవత్సరాలు. ఇక్కడ నా సొంత అవివేకం ఒకటి చెప్పాలి. అనంతపురంలో ఉండి పరిశోధన చేసే రోజుల్లో కడపకు వచ్చి ఒక గ్రంథాలయంలో పాత మాసపత్రికలోని వ్యాసం జిరాక్సు తీయించుకున్నాను. పన్నెండు పుటలు. అట్ట తీయించలేదు, నాలుగు రూపాయలు మిగిలాయని సంతోషించాను. ఆర్నెల్ల తర్వాత చూస్తే పుటల పైన వ్యాసం పేరు ఉంది, పుట సంఖ్యలు ఉన్నాయి, పత్రిక పేరు లేదు. నోటుబుక్కులో మాత్రం నా చేతిరాతతో "శ్రీముఖ" అని ఒక్క మాట. శ్రీముఖ సంవత్సరం అరవై ఏళ్లకోసారి వస్తుంది. 1873లో ఉంది, 1933లో ఉంది, 1993లో ఉంది. వ్యాసం భాష చూస్తే 1933 అని తెలుస్తూనే ఉంది. కానీ శ్రీముఖ 1933 ఉగాదికి మొదలై 1934 ఉగాది దాకా నడిచింది. మాసం తెలియకుండా ఏ సంవత్సరం వేయాలి? నాలుగు రూపాయలు మిగిల్చినందుకు మళ్లీ బస్సెక్కి రానూపోనూ ఒక రోజంతా పోగొట్టుకున్నాను.

భారతి వంటి పాత పత్రికలతో పనిచేసేవారికి ఇది రోజూ ఎదురయ్యేదే. 1924 జనవరిలో మొదలైన ఆ పత్రిక తొలి సంచికకు తెలుగు లెక్కలో రుధిరోద్గారి సంవత్సరం. ఆ ఉగాదికే రక్తాక్షి వచ్చింది. సంవత్సరం పేరునూ, మాసాన్నీ అచ్చులో ఉన్నట్టే రాసి, పక్కన చదరపు కుండలీకరణాల్లో ఇంగ్లీషు సంవత్సరం వేయండి. మాసం దొరకకపోతే 1933–34 అని గీత పెట్టండి. ఊహించి ఒక అంకె వేయవద్దు.

పునర్ముద్రణలు ఇంకో తలనొప్పి. సి. పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మొదట వచ్చింది 1852లో. ఈ రోజు మన చేతికి అందేది సాధారణంగా 1903 నాటి రెండో ముద్రణ, లేదా దాని నకళ్లు. బ్రౌన్ 1884లోనే పోయారు. 1903 ప్రతిని సవరించింది కందుకూరి వీరేశలింగం సహా వేరే పండితులు. కనుక ఒక మాటకు అర్థం ఆ ప్రతిలో చూసి "బ్రౌన్ 1852లో ఇలా అన్నాడు" అని రాస్తే, బ్రౌన్ అనని మాట ఆయనకు అంటగట్టినట్టు కావచ్చు. ఏపీఏలో దీనికి చక్కటి ఏర్పాటు ఉంది: వాక్యంలో 1852/1903 అని రెండూ వేయవచ్చు. ఈ విషయంలో మాత్రం ఏపీఏకే నా ఓటు.

మూడు, ఊళ్ల పేర్లు. కడప ఇంగ్లీషు వర్ణక్రమం 2005లో మారింది. గ్రంథాలయాల జాబితాల్లో పాత పుస్తకాలు పాత వర్ణక్రమంతోనే ఉంటాయి, రెండింటితోనూ వెతకాలి. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచి విడిపోయింది. అంతకుముందటి కాగితాలు బళ్లారి పేరు కింద దొరుకుతాయి. పట్టికలో మాత్రం పుస్తకం మీద ఉన్న పేరే ఉండాలి. మీరు దిద్దకండి.

ఇక పనిముట్లు

నోటుబుక్కు, కార్డులు: నవ్వకండి. అరవై డెబ్బై పుస్తకాలు, అన్నీ తెలుగు, చేతిలో పట్టుకుని చదివినవి అయితే పుస్తకానికో కార్డు ఇప్పటికీ మంచి మార్గం. కరెంటు పోయినా పనిచేస్తుంది. లోపం ఒక్కటే: పద్ధతి మార్చాల్సి వస్తే మొత్తం చేత్తో తిరగరాయాలి. కార్డు బదులు ఎక్సెల్ పట్టిక పెట్టుకుని రచయిత, పుస్తకం, ఊరు, ప్రచురణకర్త, ముద్రణ, సంవత్సరం, చూసిన గ్రంథాలయం అని ఏడు గళ్లు గీసుకుంటే ఆ లోపం సగం తీరుతుంది. "చూసిన గ్రంథాలయం" గడి వదలకండి. నా బస్సు ఖర్చు అక్కడే ఉంది.

వర్డ్‌లో ఉండే ఏర్పాటు: విడిగా ఏదీ దించుకోనక్కర్లేదు, అదొక్కటే సుఖం. నేను చూసిన వర్డ్‌లలో ఏపీఏ ఇంకా 6వ ముద్రణ దగ్గరే ఆగి ఉంది. ఎంఏ ప్రాజెక్టుకు చాలు. పీహెచ్‌డీకి వద్దు.

జొటేరో: 2006 నుంచి ఉంది, ఉచితం, ఎవరి సొత్తూ కాదు. వందకు పైగా ఆధారాలు, అందులో ఇంగ్లీషువి సగం ఉంటే ఇదే తీసుకోండి. ఉచితంగా ఇచ్చే ఆన్‌లైన్ చోటు 300 ఎంబీ మాత్రమే, కానీ పీడీఎఫ్‌లు మీ కంప్యూటర్‌లోనే ఉంచుకుంటే ఆ పరిమితి బాధించదు. తెలుగు పేర్లకు ఇందులో ఒక చిన్న కిటుకు ఉంది. రచయిత గడి మామూలుగా రెండు ముక్కలుగా ఉంటుంది: ఇంటిపేరు, పేరు. పక్కనున్న చిన్న గుర్తు నొక్కితే రెండూ కలిసి ఒకే గడి అవుతుంది. తెలుగు పేరు మొత్తం అందులో రాస్తే జొటేరో దాన్ని తిరగేయదు, కామా పెట్టదు. ఏడురోడ్ల కుర్రవాడికి ఆ ఫోను అవసరం ఉండేది కాదు. ఇక పద్ధతి భాష ఇంగ్లీషుగా ఉంటే తెలుగు పుస్తకాల మధ్య కూడా "తదితరులు", "సంపాదకుడు" అన్న మాటలు ఇంగ్లీషులో దిగుతాయి. వాటిని చివర్లో చేత్తో మార్చుకోవాల్సిందే.

మెండలీ: 2013 నుంచి ఎల్సెవియర్ సంస్థది. పీడీఎఫ్‌లు చదువుతూ గీతలు గీసుకునే సైన్సు విద్యార్థులకు హాయిగా ఉంటుంది. పాత డెస్క్‌టాప్ రూపాన్ని ఆపేసి కొత్తది తెచ్చినప్పుడు అలవాటుపడినవారు ఇబ్బందిపడ్డారు. తెలుగు విద్యార్థికి జొటేరో కంటే ఇది ఎందుకు మేలో నాకు కారణం కనిపించలేదు. డబ్బు పెట్టి కొనే ఎండ్‌నోట్ మీ విశ్వవిద్యాలయం ఇస్తే తీసుకోండి, సొంత డబ్బు పెట్టకండి.

వీటన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఫాంటు. సిద్ధాంత గ్రంథాన్ని డీటీపీ వారు వాడే "అను" ఫాంట్లలో టైపు చేయిస్తున్నారా, యూనికోడ్‌లోనా? అను అక్షరాలు కంటికి తెలుగే గానీ కంప్యూటర్ లెక్కలో ఇంగ్లీషు గుర్తులే. అందులో జొటేరో పనిచేయదు. అకారాది క్రమం వేయమంటే క పక్కన ఏ అక్షరం వస్తుందో దేవుడికే తెలియాలి. అను తప్పనిసరి అయితే గ్రంథసూచిని ఎక్సెల్‌లో యూనికోడ్‌లో తయారుచేసి, క్రమం వేసి, అచ్చు తీసి డీటీపీ వారికి ఇవ్వండి. యూనికోడ్ క్రమం కూడా పూర్తిగా మన వర్ణమాల కాదని గుర్తుంచుకోండి: బడిలో హ తర్వాత చదువుకున్న ళ అక్కడ ల వెనకే వస్తుంది, చివర ఉండే ఱ కూడా ర పక్కన చేరుతుంది. పెద్ద విషయం కాదు, కానీ పాతకాలపు పరీక్షకులు పట్టుకుంటారు.

ఇంటర్నెట్టు నుంచి దించుకున్న పాత తెలుగు పుస్తకాల వివరాలను జొటేరోకు నేరుగా ఎక్కించకండి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ల పేర్లు ఇంగ్లీషు లిపిలో ఎవరికి తోచినట్టు వారు కొట్టినవి. రచయిత చోట సంపాదకుడు, సంవత్సరం చోట మరేదో ఉంటుంది. స్కాన్ తెరిచి ముఖపత్రం చూసి చేత్తో ఎక్కించుకోవాలి. కృత్రిమ మేధను గ్రంథసూచి అడిగేవారికీ ఇదే మాట: అది ఇచ్చే పుస్తకం పేరు బాగుంటుంది, రచయిత నిజంగానే ఉంటారు, ఆ రచయిత ఆ పుస్తకం రాసి ఉండరు.

చివరి రాత్రి పని

పద్ధతి ఏదైనా, పనిముట్టు ఏదైనా, అచ్చు తీసిన తర్వాత స్కేలు, పెన్సిలు పట్టుకుని కూర్చోవాలి. లోపల ప్రస్తావన కనబడిన ప్రతిసారీ పట్టికలో దాని పక్కన టిక్కు పెట్టుకుంటూ పోవాలి. నేను చేసినప్పుడు లోపల ఉండి పట్టికలో లేనివి పదకొండు తేలాయి. పట్టికలో ఉండి టిక్కు పడనివి ఆరు. వాటిలో ఐదు నిజంగా చదివినవే. ఆరోదాన్ని చాలాసేపు చూశాను. ఆ పుస్తకం నేను ఎన్నడూ తెరవలేదు. మొదటి ఏడాదిలో ఎవరిదో సిద్ధాంత గ్రంథం చివరి పుటల నుంచి నా కార్డులోకి ఎక్కించుకున్నది. కార్డు మీద ఏడో గడి, చూసిన గ్రంథాలయం, ఖాళీగా ఉంది.